ఆ ‘ఊ’ ఉత్తుత్తిదని వాడికి తెలిసిపోయింది

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది ఖమ్మం. వయసు 34. ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెప్తాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం, సాయంత్రం ఏడున్నరకి ఇంటికి వస్తారు. బాబుకి ఏడేళ్ళు. అత్తగారు మాతోనే ఉంటారు. పొద్దున ఐదింటికి లేస్తే వంట, మూడు క్యారేజీలు, స్కూలు, సాయంత్రం ఇంట్లో పదిమంది పిల్లలకి ట్యూషన్, మళ్ళీ వంట. రాత్రి పదింటికి పడుకున్నాకే నాకు కాస్త టైం దొరుకుతుంది. ఫోన్ తీసుకుంటాను. పది నిమిషాలే అనుకుంటాను. చూసేసరికి ఒంటిగంట అవుతుంది. రీల్స్, చీరల లైవ్‌లు, ఎవరెవరివో గొడవలు, నాతో బీఎడ్ చదివి ఇప్పుడు డాలస్‌లో ఉన్న ఫ్రెండ్ ఇంటి ఫొటోలు. పొద్దున లేచాక ఏం చూశానో ఒక్కటీ గుర్తుండదు.

పోయిన నెలలో నాలుగుసార్లు ఇన్‌స్టాగ్రామ్ తీసేశాను. నాలుగుసార్లూ మర్నాటికల్లా మళ్ళీ వేసుకున్నాను. మావారు చుట్టాల ముందే ‘మా ఆవిడకి ఇరవై నాలుగ్గంటలూ ఫోనే’ అంటారు. అదైనా పడతాను. కానీ పోయిన వారం బాబు పడుకునే ముందు నాకొక కథ చెప్తున్నాడు. ఒక బస్సు దారితప్పి చెరువు దగ్గరికి పోయిన కథ. వాడే అల్లుకున్నాడు. నేను ఫోన్ చూస్తూ ఊ కొడుతున్నాను. మధ్యలో ఆపేసి, ‘నువ్వు ఊ అంటున్నావు గానీ వినట్లేదమ్మా’ అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి ఏడ్చాను. ఏడ్చాక మళ్ళీ ఫోనే చూశాను. నాకు మనోబలం లేదా? ఇది జబ్బా? బటన్ ఫోన్ కొనుక్కోమంటారా? స్కూలు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి, అదెలాగో తెలియట్లేదు.

— ఒక టీచర్, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక ఒక కాగితం తీసుకుని మీ రోజంతా పెన్సిల్‌తో రాసి చూశాను. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా పదిహేడు గంటలు. అందులో వంట ఇంట్లోవాళ్ళ కోసం, పాఠాలు స్కూలు కోసం, ట్యూషన్ ఇల్లు గడవడం కోసం. ‘నాకు కాస్త టైం’ అన్న మాట పదింటి తర్వాతే కనిపించింది. ఆ వేళకి ఇంట్లో అందరూ పడుకుని ఉంటారు. లైటు వేస్తే బాబు లేస్తాడు. ఎవరితోనైనా మాట్లాడదామంటే ఫోన్ చేసే టైం కాదు. డాబా మీదికి వెళ్తానంటే ‘ఇంత రాత్రప్పుడు ఎందుకు’ అంటారు. చీకట్లో, పడుకునే, చప్పుడు కాకుండా ఒక మనిషి తన కోసం చేసుకోగలిగింది ఇంకేం మిగిలింది? తన వెలుగు తనే తెచ్చుకునే వస్తువు ఆ ఇంట్లో ఫోన్ ఒక్కటే. అందుకే అది మీ చేతిలోకి వచ్చింది.

ముందు ఈ సంగతి ఒప్పుకోకపోతే మిగతా సలహాలు ఎన్ని చెప్పినా దండగే. ఫోన్ లాగేసుకుంటే ఆ మూడు గంటలూ వాటంతటవే నిద్రగా మారిపోతాయని అందరూ అనుకుంటారు. మారవు. పగలంతా ఒక్క నిమిషం కూడా తనది కాని మనిషి నిద్రలోంచైనా కొంత కోసుకుంటుంది. మీరు చేస్తున్నది అదే. ఆ బాకీ మర్నాడు ఐదింటికి అలారం మోగినప్పుడు తీరుస్తున్నారు. కాబట్టి నేను చెప్పేవి రెండు పనులు, రెండూ కలిపి చేయాల్సినవి. పడుకునే వేళకి ముందే మీదంటూ ఒక అరగంట సంపాదించుకోవాలి. రాత్రి ఫోన్ మీ చేతికి అందని చోట ఉండాలి. మొదటిది లేకపోతే రెండోది వారం కూడా నిలవదు. ఇన్నాళ్ళూ మీరు చేసి చూసింది ఆ రెండోదే, అదీ సగమే.

మనోబలం సంగతి. నాలుగు గంటల నిద్రతో రోజూ ఐదింటికి లేచి, భిన్నాలు బుర్రకెక్కని పిల్లలకి మళ్ళీ మళ్ళీ చెప్పి, ఇంటికొచ్చి ఇంకో పదిమందికి చెప్పే మనిషికి మనోబలం లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. పుష్కలంగా ఉంది. రాత్రి పదయ్యేసరికి అంతా ఖర్చయిపోతోంది.

పైగా మీ బొటనవేలి కింద ఉన్నది సాదాసీదా వస్తువు కాదు. బీఎడ్‌లో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తని చదివారు కదా, కార్యసాధక నిబంధనం, పునర్బలనం అని పరీక్షలో రాసే ఉంటారు. పెట్టెలో పావురం ఒక బిళ్ళని ముక్కుతో పొడుస్తుంది, గింజ పడుతుంది. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియకుండా చేసినప్పుడు ఆ పావురం వదలకుండా పొడుస్తూనే ఉంటుంది. మనం అది మార్కుల కోసం చదివాం. రీల్స్ దగ్గరికి వచ్చేసరికి ఆ పెట్టెలో మనమే ఉన్నాం. పది వీడియోలు చూస్తే ఎనిమిది బోరు. ఒకటి ఫర్వాలేదు. ఇంకొకటి మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది, లేదా చిన్నప్పటి అమ్మమ్మగారి ఊరు లాంటిదేదో చూపించి కళ్ళు తడిచేస్తుంది. ఆ ఒక్కటి ఎన్నోదిగా వస్తుందో తెలియదు. అందుకే వేలు ఆగదు.

ఆగడానికి చోటు కూడా లేదు. నా చిన్నప్పుడు వారపత్రికకి చివరి పేజీ ఉండేది. సీరియల్ కింద ‘సశేషం’ అని ఉండేది. తిట్టుకుంటూనే పుస్తకం మూసేవాళ్ళం, మళ్ళీ వారం దాకా ఎదురుచూసేవాళ్ళం. దూరదర్శన్ కూడా రాత్రి ఒక టైంకి ఆగిపోయేది. ఇంటర్నెట్‌లోనూ మొదట్లో పేజీ అడుగుకి వస్తే ‘తర్వాతి పేజీ’ అని ఒక మీట ఉండేది, అది నొక్కాలా వద్దా అని క్షణమైనా ఆలోచించేవాళ్ళం. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ అడుగే లేకుండా, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉండే పద్ధతి తయారుచేశాడు. జనం పని సులువు చేద్దామనే చేశాడు. తర్వాత దాన్ని ఎలా వాడారో చూసి, అలాంటిది చేసినందుకు బాధపడుతున్నానని ఆయనే పదిమందిలో చెప్పాడు. తయారుచేసినవాడినే అంత బాధపెట్టిన వస్తువుని మీరు రాత్రి ఒంటరిగా, నిద్రకళ్ళతో ఎదిరించలేకపోయారు. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మన దగ్గర ఇది ఎంత తొందరగా కమ్ముకుందో కూడా ఒకసారి గుర్తుచేసుకోండి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. రెండు వారాలు కూడా తిరక్కుండా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ని మొదట మన దేశంలోనే ప్రయోగించి చూసింది. సరిగ్గా అప్పుడే స్కూళ్ళు మూతపడి, ఆన్‌లైన్ క్లాసుల పేరుతో టీచర్ల చేతికి ఫోన్ అతుక్కుపోయింది. మీకీ అలవాటు ఎప్పుడు మొదలైందో రాయలేదు గానీ, అప్పుడేనని నాకు అనుమానం. నాకు తెలిసిన చాలామంది టీచర్లకి అప్పుడే మొదలైంది.

ఇక జబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. అందులో గేమ్స్ ఆడటం వ్యసనంగా మారడాన్ని చేర్చారు. సోషల్ మీడియాకి విడిగా అలాంటి పేరేమీ పెట్టలేదు. మీరు ఉద్యోగం మానలేదు, వంట మానలేదు, పిల్లాడిని పట్టించుకోవట్లేదని మీరే బాధపడుతున్నారు. అలవాటు ముదిరిందని అంటాను, జబ్బు అని మాత్రం అనను. కానీ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ‘ఏడ్చాక మళ్ళీ ఫోనే చూశాను.’ అమ్మా, నిజాయితీగా ఆలోచించండి. ఫోన్ పక్కన పెట్టినా మనసు బరువుగానే ఉంటోందా? స్కూల్లో ఇదివరకు సరదాగా అనిపించే పనులు కూడా ఇప్పుడు అనిపించట్లేదా? ఫోన్ లేకపోయినా నిద్ర రావట్లేదా? ఇలా రెండు వారాలకి మించి ఉంటే అప్పుడు ఫోన్‌ని తిట్టుకుంటూ కూర్చోవద్దు, డాక్టర్‌ని కలవండి. దిగులుని కప్పుకోవడానికి ఫోన్ పట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్, ఇంటర్నెట్ అలవాట్ల కోసమే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఒక క్లినిక్ నడుస్తోంది. ఇలాంటి బాధతో వచ్చేవాళ్ళు అంతమంది ఉన్నారు కాబట్టే అలాంటిది పెట్టాల్సి వచ్చింది. మీరు ఒక్కరే అనుకోవద్దు.

బటన్ ఫోన్ వద్దు. మీ స్కూలు హోంవర్కు గ్రూపులోనే పెడుతుంది, జీతం మెసేజీ, గ్యాస్ బుకింగు, ట్యూషన్ ఫీజులు అన్నీ ఇందులోనే. నాలుగు రోజులు కష్టపడి మళ్ళీ మామూలుకి వస్తారు, ఓడిపోయానన్న బాధ ఒకటి మిగులుతుంది. మొత్తం మానేయక్కర్లేదని చెప్పడానికి నా దగ్గర ఒక ఆధారం కూడా ఉంది. 2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 143 మంది విద్యార్థులతో ఒక పరిశోధన చేశారు. కొందరిని మామూలుగా వాడుకోమన్నారు. మిగతావాళ్ళని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటీ రోజుకి పది నిమిషాలే చూడమన్నారు. మూడు వారాలకి ఆ తగ్గించినవాళ్ళలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. వాళ్ళెవరూ ఫోన్ విసిరేయలేదు, అరగంటకి తగ్గించారు. మనకీ అరగంట చాలు.

మీరు నాలుగుసార్లు తీసేశారు కదా, ఎప్పుడు తీశారో రాయలేదు. రాత్రి ఒంటిగంటకి అయ్యుంటుంది. కళ్ళు మండుతూ, నా మీద నాకే అసహ్యంగా ఉంది అనుకుంటూ తీసేసి ఉంటారు. మళ్ళీ వేసుకున్నది మర్నాడు రాత్రి పదింటికి, ఒళ్ళు హూనమై, ‘కాసేపే’ అనుకుంటూ. ఆ రెండు వేళల్లోనూ నిర్ణయాలు తీసుకోకూడదు. ఈ పని ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక, కాఫీ గ్లాసు చేతిలో ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

మొదటి వారం ఏదీ తీసేయకండి. మీ వంటింట్లో గోడకి తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, తిథి కింద పాల లెక్కలు రాసుకునేది. దాని మీదే రాయండి. ఫోన్ తీసి రీల్స్ తెరిచిన ప్రతిసారీ ఒక గీత, పక్కన ఒక్క మాట. ఎంతసేపు చూశారన్నది అక్కర్లేదు, ఆ లెక్క ఫోనే చెప్తుంది. తెరవడానికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగింది, అది రాయండి. ‘అత్తయ్య అన్న మాట.’ ‘ట్యూషన్ అయిపోయింది.’ ‘కుక్కర్ విజిల్ కోసం.’ ‘ఊరికే.’ వారం తిరిగేసరికి ఒకటి రెండు మాటలే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. మీరు లెక్కల టీచరు, ఆ కాగితం చూసి మీకు అర్థమైనంత నేను చెప్పినా అర్థం కాదు.

నాకు ఎలా అర్థమైందో చెప్తాను. 2021లో మా ఇంట్లో కరోనా వచ్చి వెళ్ళాక నేనూ ఇలాగే రాత్రుళ్ళు ఫేస్‌బుక్‌లో కూరుకుపోయాను. ఎవరెవరు పోయారో చూడటంతో మొదలైంది. తర్వాత ఎవరూ పోకపోయినా చూస్తూనే ఉన్నాను. ఒకరోజు మా అమ్మాయి ఫోన్ తీసుకుని ఆ గుర్తుని వేరే పేజీలోకి జరిపి, దాని చోట క్యాలిక్యులేటర్ పెట్టింది. నాకు చెప్పింది కూడా. అయినా మధ్యాహ్నానికి ఏడెనిమిదిసార్లు నా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరుచుకుంది. స్టవ్ మీద పాలు పెట్టి నిలబడితే క్యాలిక్యులేటర్. తలుపు తాళం వేసి లిఫ్ట్ కోసం ఆగితే క్యాలిక్యులేటర్. ఆ సున్నా వైపు చూస్తూ నిలబడ్డప్పుడు ఒంట్లో ఏదో ఝల్లుమంది. చూడాలని నేను అనుకోనే లేదు. వేలు తనంతట తను వెళ్ళింది. ఫేస్‌బుక్ మీద నాకు అంత ప్రేమ లేదు, చేతికి అది పాఠంలా వచ్చేసింది, అంతే. ఎక్కం రోజూ చదివితే నోటికి వచ్చేసినట్టు. మీరూ ఆ గుర్తుని అక్కణ్ణుంచి జరిపి చూడండి. మీ వేలు ఎన్నిసార్లు ఖాళీ చోటికి వెళ్తుందో చూస్తే, మిమ్మల్ని మీరు తిట్టుకోవడం చాలావరకు మానేస్తారు.

రెండో వారం నుంచి ఫోన్ పడకగదిలో పడుకోకూడదు. ఛార్జర్‌ని తలగడ పక్కనుంచి తీసి హాల్లో ఫ్రిజ్ పక్కన ప్లగ్గుకి పెట్టండి. అలారానికి ఒక టేబుల్ గడియారం కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. ‘అలారం కోసం ఫోన్ దగ్గరుండాలి’ అన్నదే మనం మనకి చెప్పుకునే మొదటి సాకు. అర్ధరాత్రి ఎవరైనా అర్జెంటుగా చేస్తే? రింగు పెద్దగా పెట్టండి, హాల్లోంచి వినిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ యాప్ ఇప్పుడు తీసేయండి, పగటిపూట చూసే ఆ అరగంట క్రోమ్‌లో తెరిచి చూడండి. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చేలా బయటికి వచ్చేయండి. పాస్‌వర్డ్‌ని గుర్తుండనంత పెద్దది పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో చీరల కింద దాచండి. రాత్రి పదింటికి బీరువా తలుపు కిర్రుమంటే ఇల్లంతా లేస్తుంది. ఆ మాత్రం అడ్డు చాలు. ఫోన్‌లో టైం లిమిట్ పెట్టుకునే వీలుంది గానీ, దాన్ని నేను పెద్దగా నమ్మను. టైం అయిందని చెప్పినచోటే దాన్ని పక్కకి తోసే మీట కూడా ఉంటుంది, మూడో రోజుకి వేలు అది కూడా నేర్చేసుకుంటుంది.

వాట్సాప్ గ్రూపులన్నీ సైలెంట్‌లో పెట్టి, స్కూలు గ్రూపుని సాయంత్రం ఆరింటికి, పొద్దున ఏడింటికి చూడండి. తొమ్మిది తర్వాత ప్రిన్సిపాల్ పెట్టిన మెసేజీకి పొద్దున ఏడింటికి జవాబిస్తే కొంపలు మునగవు. మొదట్లో మీకు టెన్షన్‌గా ఉంటుంది, రెండు వారాలకి వాళ్ళకీ అలవాటవుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన పని. మీదంటూ ఉండే ఆ అరగంట. ఇది ఫోన్‌లో దొరకదు, ఇంట్లోవాళ్ళని అడిగి తీసుకోవాలి. మీవారు ఏడున్నరకి వస్తారన్నారు. ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర వరకు బాబు హోంవర్కు ఆయన చూడాలి. ఆ అరగంట మీరు డాబా మీద ఉంటారు. కుర్చీ వేసుకుని కూర్చుంటారో, పాటలు వింటారో, మీ అమ్మకి ఫోన్ చేసుకుంటారో, ఊరికే ఆకాశం చూస్తారో మీ ఇష్టం. వంట? ఆ అరగంట ఎక్కడైనా వెనక్కో ముందుకో జరుగుతుంది. రోజూ రెండు కూరలు ఉండి తీరాలన్న రూలు ఎవరు పెట్టారో కూడా ఒకసారి ఆలోచించండి. ట్యూషన్ పదిమందిని ఒకే బ్యాచ్‌గా చెప్పి పావుగంట మిగుల్చుకోగలరేమో చూడండి.

మీవారిని ఎలా అడగాలన్నది ముఖ్యం. ‘మీరు మాత్రం చూడట్లేదా’ అని మొదలుపెట్టకండి. ఆయనా చూస్తూనే ఉంటారు, నాకు సందేహం లేదు. కానీ అలా మొదలైతే అది ఎవరి స్క్రీన్ టైం ఎక్కువన్న పోటీ అయి కూర్చుంటుంది. ఆదివారం ఇద్దరూ తీరుబడిగా ఉన్నప్పుడు ఇలా అనండి: ‘ఏమండీ, నేను రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తున్నాను, అది మానాలనుకుంటున్నాను. నా ఒక్కదాని వల్ల కావట్లేదు. రోజూ ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర మీరు బాబుని చూసుకోండి. పదింటికి మన ఇద్దరి ఫోన్లూ ఫ్రిజ్ దగ్గర పెడదాం. నెల రోజులు చేసి చూద్దాం.’ అంతే. ఎందుకని అడిగితే బాబు అన్న మాట చెప్పండి. మీరు నాకు రాసినట్టే, ఏమీ కలపకుండా చెప్పండి. చుట్టాల ముందు ఆయన అనే మాట గురించి కూడా అప్పుడే చెప్పేయండి: ‘నలుగురిలో అలా అనకండి, నాకు బాధగా ఉంటుంది.’ ఇంట్లో ఒక మనిషి అలవాటు మానుకోవడానికి తంటాలు పడుతుంటే దాన్ని చుట్టాల ముందు నవ్వులాట చేయడం తప్పు. ఆయన ఇది చదివితే నా తరఫునా అదే మాట.

అత్తగారిని కూడా కలుపుకోండి. ‘అత్తయ్యా, పది తర్వాత నా చేతిలో ఫోన్ కనిపిస్తే అడగండి’ అని చెప్తే చాలామంది పెద్దవాళ్ళు ఆ బాధ్యత ఎంత సంతోషంగా తీసుకుంటారో! అయితే మీ ఇద్దరికీ మాటామాటా వచ్చే పరిస్థితి ఉంటే ఈ సలహా వదిలేయండి. మీ ఇంటి సంగతి మీకే తెలుసు.

ఫోన్ హాల్లో పెట్టిన మొదటి వారం రాత్రుళ్ళు బాగుండవు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. పదింటికి చేతులు ఖాళీగా ఉంటాయి. నిద్ర రాదు. చిరాకు వస్తుంది. పగలంతా తోసేసిన ఆలోచనలన్నీ అప్పుడే వస్తాయి: స్కూల్లో ఎవరో అన్న మాట, డబ్బులు, అమ్మ ఆరోగ్యం. ఫోన్ చేస్తున్న పని ఇదే, వాటిని రానివ్వకుండా ఆపడం. రానివ్వండి. చేతులకి ఏదైనా పని ఇవ్వండి. నేను ఆ రోజుల్లో మర్నాటి చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను. మా అమ్మ రాత్రుళ్ళు ఒత్తులు చేసేది, అది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. పడుకున్నాక నిద్ర పట్టకపోతే లేచి మంచినీళ్ళు తాగి మళ్ళీ పడుకోండి, హాల్లోకి మాత్రం వెళ్ళకండి. నాలుగైదు రోజులకి ఒంటికి తెలిసిపోతుంది. పదకొండింటికే కళ్ళు మూతపడిన రోజున మర్నాడు మొదటి పీరియడ్‌లో మీకే తేడా కనిపిస్తుంది.

ఎన్నాళ్ళు పడుతుందంటారా? ఇరవై ఒక్క రోజులని అందరూ అంటారు, దాన్ని నమ్ముకుని ఇరవై రెండో రోజు కుంగిపోకండి. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని గమనించి చూస్తే, ఒక కొత్త అలవాటు తనంతట తను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరి లెక్క 254 దాకా వెళ్ళింది. ఆ పరిశోధనలో నాకు ధైర్యం ఇచ్చిన సంగతి వేరే ఉంది: మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి ఏదో ఒక రాత్రి మీరు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి ఫోన్ తెచ్చుకుంటారు. తెచ్చుకుంటారనే అనుకోండి. మర్నాడు ‘అంతా అయిపోయింది’ అనుకోకుండా రాత్రి మళ్ళీ ఫ్రిజ్ దగ్గరే పెట్టండి.

చీరల లైవ్‌ల గురించి ఒక్క మాట. రాత్రి పది తర్వాత నచ్చిన చీర పొద్దున ఎనిమిదింటికి కూడా నచ్చితేనే కొనుక్కోండి.

డాలస్ ఫ్రెండ్ గురించి మాత్రం ఒక్క మాటతో సరిపెట్టలేను. ఆమె ఫొటోలు చూసి మీకు ఏమనిపిస్తుందో మీరు రాయలేదు. అంత పొడుగు ఉత్తరంలో ఆ ఒక్క ఫ్రెండ్ సంగతి విడిగా రాశారంటే, ఏదో గుచ్చుకుంటోందని నాకు తెలుస్తోంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు. ఆమె వంటింట్లో ఆ తెల్లరాతి గట్టు, మీ వంటింట్లో మూడు క్యారేజీలు. అమ్మా, ఆమె ఫొటో పెట్టేది నెలకొకటో రెండో. మిగతా రోజులు మీరు చూడలేదు. ఆమెకి రాత్రి ఒంటిగంటకి ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఫొటో కింద గుండె గుర్తు పెట్టడం మానేసి ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేయండి. వాళ్ళకి అప్పుడు శనివారం రాత్రి అవుతుంది, తీరిగ్గానే ఉంటుంది. బీఎడ్ టీచింగ్ ప్రాక్టీసులో ఇద్దరూ పడ్డ పాట్లు మాట్లాడుకోండి. అరగంట మాట్లాడాక ఆమె ఫొటోలు మిమ్మల్ని ఇదివరకులా గుచ్చవు. నాకిలాగే ఒక స్నేహితురాలు ఉంది, వాళ్ళది పెద్ద ఇల్లు. నాలుగేళ్ళు ఫొటోలు చూసి కుళ్ళుకున్నాను. ఫోన్ చేసిన రోజు ఆమె మొదటి మాట, ‘నీ గొంతు విని ఎన్నాళ్ళయిందే’ అని. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేకపోయింది.

ఆదివారం సాయంత్రం బాబుని తీసుకుని లకారం ట్యాంక్‌బండ్ మీదికి వెళ్ళండి. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి, ఫొటో తీయాలనిపించినా తీయలేరు, మంచిదే. చెరువు చూస్తే వాడికి బస్సు గుర్తుకొస్తుందేమో కూడా.

చివరికి వాడి దగ్గరికే వస్తున్నాను, నన్ను ఈ జవాబు రాయించింది వాడే. ఏడేళ్ళ పిల్లాడికి ఊ ఎక్కడ పడాలో తెలుసు. కథలో బస్సు మలుపు తిరిగినప్పుడు ఒక ఊ, చెరువు కనపడినప్పుడు ఇంకాస్త పెద్ద ఊ. మీ ఊ లు గడియారం కొట్టినట్టు పడుతుంటే వాడు పట్టేశాడు. పట్టేసి, అరవలేదు, ఏడవలేదు, కథ ఆపేశాడు. మీకు ఏడుపొచ్చింది అందుకేనని నాకు తెలుసు.

వాడికి ఇప్పుడు పెద్ద పెద్ద మాటలేమీ ఇవ్వకండి. ‘ఇక ఫోనే ముట్టను’ అని ఒట్టు వేస్తే, రెండోరోజు మీ చేతిలో ఫోన్ చూసి వాడు నమ్మడం మానేస్తాడు. ఈ రాత్రి తొమ్మిదిన్నరకే ఫోన్ హాల్లో పెట్టి, చేతులు ఖాళీగా వాడి పక్కన పడుకుని, ‘బస్సు చెరువు దగ్గరికి వెళ్ళింది కదా, తర్వాతేమైందిరా?’ అని అడగండి. అలిగి ఉంటే మొదటిరోజు చెప్పకపోవచ్చు. ‘మర్చిపోయా’ అంటాడు. అప్పుడు మీరు మొదలుపెట్టండి, తప్పుగా చెప్పండి: ‘బస్సులో ఎవరూ లేరు కదా...’ అనండి. పిల్లలు తమ కథ తప్పు చెప్తే ఊరుకోరు. ‘లేరని ఎవరన్నారు, డ్రైవరు ఉన్నాడు!’ అంటాడు. ఇక మీ పని వినడమే. మధ్యలో ఏదైనా అడగండి. డ్రైవరు పేరేంటి? టికెట్ ఎంత? చెరువులో చేపలు బస్సు ఎక్కాయా? దొంగ ఊ కొట్టేవాళ్ళకి ప్రశ్నలు రావు, ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

నెలరోజులయ్యాక నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. స్క్రీన్ టైం ఎంత తగ్గిందో రాయకపోయినా ఫర్వాలేదు, ఆ బస్సు చెరువు దగ్గర్నుంచి ఇంటికి ఎలా వచ్చిందో మాత్రం రాయండి.